అందించే చెయ్యి

దుప్పటి దులిపితే జడ క్లిప్పు ఒకటి రాలిపడింది. ఎర్రది, సీతాకోకచిలుక బొమ్మది. తాయమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వుకుంది. నిన్న సాయంత్రమే కదా, ఈ గదిలో దిగిన పిల్లకు కొండమీద గుండు చేయించి తీసుకొచ్చారు! మళ్లీ క్లిప్పు నిలిచేంత జుట్టు పెరిగేసరికి ఇలాంటిదొకటి తనకు ఉండేదని ఆ పిల్లకు గుర్తు కూడా ఉండదు. అయినా పారేయడానికి మనసొప్పక కొంగున ముడి వేసుకుంది. మాసిన దుప్పట్లన్నీ మూటగట్టి ఎత్తబోయింది. వీపులో, రెండు రెక్కల మధ్య, ఎవరో బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కినట్టయింది.

వంగి వంగి వీపు పట్టుకున్నట్టుంది అనుకుంది. పట్టుకున్న వీపుకు మందు ఉండనే ఉంది, నువ్వుల నూనెలో కర్పూరం వేసి కాచి రుద్దించుకోవడమే. పని ముగిశాక చూసుకోవచ్చు. మూటను ఎత్తడం మాని, మెట్ల మీదుగా ఈడ్చుకుంటూ దిగింది.

తిరుపతి రైల్వే స్టేషనుకు ఎదురు సందులో ఉంది ఆ లాడ్జీ. తాయమ్మ అక్కడ గదులు ఊడ్చి తుడిచే మనిషి. బంగారుపాళ్యం దగ్గర పల్లెలో పుట్టింది. మొగుడు మునెప్ప ఈ లాడ్జీలో వాచ్‌మన్‌గా చేరితే వెంట వచ్చింది. మునెప్ప పోయి మూడేళ్లవుతోంది. కింద మెట్ల సందున తల వంచుకుని దూరాల్సిన చోటొకటుంది. అందులో ఒక కరెంటు పొయ్యి, సత్తు గిన్నె, మందులు నూరే అరచేతంత కల్వం, శొంఠి, వాము, మిరియాలు, కరక్కాయలు పోసిన సీసాలు ఉంటాయి. లాడ్జీ యజమాని చూసీచూడనట్టు ఊరుకుంటాడు. ఆయన దగ్గుకు కూడా కషాయం ఆ గిన్నెలోంచే వెళ్తుంది మరి.

కొండకు వచ్చేవాళ్ల రోగాలు పెద్దవేం కావు. తెల్లారి చన్నీళ్లు పోసుకుని, గుండు కొట్టించుకుని, చలిగాలిలో తిరిగి తుమ్ములతో దిగుతారు. మెట్లెక్కి వచ్చి పిక్కలు పట్టేసి మూలుగుతారు. ఒక్కరోజు నాలుగు ఊళ్ల తిండి తిని కడుపు పట్టుకుంటారు. కౌంటర్‌లో ఉండే కిరణ్ "మెట్ల కింద తాయమ్మను అడగండి, హస్తవాసి మంచిది" అంటాడు. శొంఠి ఎవరింట్లో లేదు? మిరియాలు ఎవరికి తెలియవు? కానీ ఊరుగాని ఊళ్లో ముక్కు కారుతున్నప్పుడు వేడి గ్లాసు చేతికిచ్చి, "తాగు తల్లీ, పొద్దునకంతా పోతాది" అనే మనిషి దొరకడమే సగం మందు. పొద్దుటికి పోయిందో లేదో తాయమ్మకు మటుకు తెలియదు. వాళ్లు రైలెక్కి వెళ్లిపోతారు. తగ్గిందని చెప్పడానికి తిరిగొచ్చిన వాళ్లెవరూ లేరు.

ఆమెకు ఒక నియమం ఉంది. వాళ్లమ్మ నేర్పింది. కాచిన చెయ్యే తన నోటికి అందించుకోకూడదు. తన మందు తనకు కావాలంటే ఇంకొకరు తీసి ఇవ్వాలి, లేకపోతే ఆ చేతి గుణం పోతుంది. మునెప్ప ఉన్నన్నాళ్లూ ఇబ్బంది లేకపోయింది. పొయ్యి మీదనుంచి ఆమే వంచుకుని, గ్లాసు గట్టు మీద పెట్టి, "ఇయ్యి" అనేది. అతను అక్కడే కూర్చుని గ్లాసు జరిపి, "ఇందా డాక్టరమ్మా, మింగు" అనేవాడు. అంత మాత్రానికే చెయ్యి మారినట్టు లెక్క. నవ్వులాటే, కానీ ఆ నవ్వులాట కూడా పోయాక తాయమ్మ జలుబు చేస్తే ముక్కు చీదుకుంటూ తిరిగిందే తప్ప ఒక్కనాడూ తనంతట తాను గ్లాసు ఎత్తలేదు. దాంతో దుప్పట్లు ఉతికే స్టెల్లాను బతిమాలుకోవడం అలవాటైంది.

స్టెల్లా మూట అందుకుంటూ మొహంలోకి చూసింది.

"ఏమక్కా, మొగమంతా వాడిపోయిండాది?"

"దవడ సలుపుతా ఉండాది మే. కింద పన్ను. లవంగం పెట్టుకున్నా."

"ఇందాక కిరణ్‌తో వీపు అంటివంటనే?"

"అది వేరే, ఇది వేరే."

"నీకు ఊరికంతా మందు ఇచ్చేదానికి టైముండాది గానీ, డాక్టరు దగ్గిరికి పోయేదానికి ల్యా."

"పన్నునొప్పికి డాక్టరంటనే! సూసినోళ్లు నవ్వుతారు పో."

మధ్యాహ్నం గూడూరు ఆయన దిగి వచ్చాడు. నిమ్మకాయల మండీ ఆసామి, నిన్న భార్యతో వచ్చాడు. మెట్ల దగ్గర గోడకు ఆనుకుని, "గ్యాస్ పట్టిందమ్మా. నీ కషాయం ఒక గ్లాసు ఇస్తే పోతుంది" అన్నాడు. చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుంది. కుడిచేత్తో ఎడమ భుజం పట్టుకుని ఉన్నాడు.

తాయమ్మ పొయ్యి స్విచ్చి వేయబోయి ఆగిపోయింది. ఆ చెమట, ఆ భుజం ఆమెకు తెలుసు. మునెప్ప అచ్చం ఇట్లాగే కూర్చున్నాడు. వాయువే అనుకుని వాము కాచి ఇచ్చింది. "బాగుండాదే" అని తాగి పడుకున్నాడు, ఇక లేవలేదు.

"ఇయ్యనయ్యా" అంది. "ఇది నా గ్లాసుతో పోయేది కాదు. ఒరే కిరణూ! ఆటో పిలువు నాయనా, ఆసుపత్రికి తీసకపోవల్ల!"

"అబ్బే, కాస్త కషాయం..."

"సచ్చినా ఇయ్యను. లెయ్యండి సామీ, మీకు దండం పెడతా."

ఆ గొంతుకు బెదిరి ఆయన కదిలాడు. ఆటో సందు దాటేదాకా తాయమ్మ గడపలోనే నిలబడింది. లోపలికొచ్చి కూర్చుంటే కడుపులో తిప్పినట్టు, ఎదమీద బండ పెట్టినట్టు అనిపించింది. చెమట లేదు. భుజం బాగానే ఉంది. ఆమె తడిమి చూసుకుంది కూడా. పొద్దున్నుంచి ఏమీ తినలేదు కదా, వాయువు ఎదకు ఎక్కింది అనుకుంది. ఏం చెప్పాలి! ఆ జబ్బుకు ఆమె చూసిన మొహం మునెప్పదొక్కటే. అది ఆడమనిషి దగ్గరికి ఇంకో మొహంతో వస్తుందని ఆమెకు చెప్పినవాళ్లెవరు? వీపుకు నూనె, పంటికి లవంగం, వాయువుకు వాము. ఒక్కో నొప్పికి ఒక్కో మందు చేతిలో ఉన్న మనిషికి అన్నీ కలిపి ఒకటే నొప్పని ఎట్లా తోస్తుంది?

సాయంత్రం ఊడ్చే పని అయ్యాక శొంఠి, వాము దంచి పొయ్యి మీద పెట్టింది. ఒక గ్లాసు తన కోసం వంచింది. అంతలో ఒకావిడ గుండుపిల్లాడిని చంకనేసుకుని వచ్చింది. తల నిండా గంధం, ముక్కు నిండా చీమిడి. తాయమ్మ ఆ గ్లాసులోదే రెండు చెంచాలు తీసి బెల్లం కలిపి పిల్లాడికి పట్టించింది. మిగిలింది తల్లిని తాగమంది. కొంగు ముడి విప్పి ఎర్ర క్లిప్పు తీసి పిల్లాడి చేతిలో పెట్టింది. వాడు ఏడుపు మానేసి దాన్ని నోట్లో పెట్టుకోబోయాడు.

గిన్నె మళ్లీ పొయ్యెక్కింది. రెండోసారి వంచిన గ్లాసు మీద మూత పెట్టేసరికి గూడూరు ఆయన భార్య జయంతి సంచితో వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి, మొహంలో మాత్రం వెలుగుంది.

"గుండెకు పోయే నరం పూడిపోయిందంటమ్మా. ఆ అడ్డు తీసేశారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు." ఆమె తాయమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "మా ఇంట్లో దీపం నిలబెట్టావు."

ఇన్నేళ్లలో తగ్గిందని తిరిగొచ్చి చెప్పిన మొదటి మనిషి! అదీ తాను ఇవ్వని మందుకు. తాయమ్మకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. జయంతి సంచిలోంచి నిమ్మకాయలు తీసి ఆమె ఒడిలో పోసింది. అమ్మవారికి దండ గుచ్చడానికి తెచ్చినవట.

గ్లాసు మెట్టు మీద, జయంతి మోకాలి పక్కనే ఉంది. అమ్మా, దాన్ని రవంత ఇట్లా అందియ్యి అంటే చాలు. కానీ మొగుడు ఆసుపత్రిలో ఉన్న మనిషిచేత సేవ చేయించుకోవడమా! "పోయిరా తల్లీ, ఆయన కాచుకోనుంటాడు" అని తాయమ్మ సాగనంపింది.

తరువాత తలెత్తి మిద్దె మీదికి కేకేసింది. "మే స్టెల్లా! రవంత ఈ గ్లాసు అందించి పోవే!"

"వానొస్తా ఉండాదక్కా! దుప్పట్లు తీసేసి వస్తా! నువ్వే తాగేయి, ఏం కాదులే!"

"నిదానంగా రా. అంత తొందరేం ల్యా" అంది తాయమ్మ. ఆ మాట మిద్దెదాకా వినబడలేదు. ఒడిలో నిమ్మకాయలు అట్లాగే ఉంచుకుని గోడకు తల ఆనించింది. సందులో వాన చినుకులు మొదలయ్యాయి. ఆయన దక్కినాడంట మునెప్పా, అని లోపల్లోపల చెప్పుకుంది. ఎదమీద బరువు అట్లాగే ఉంది. మనసు మాత్రం చాలా ఏళ్ల తరువాత తేలికైంది.

స్టెల్లా తడిసిన జుట్టు తుడుచుకుంటూ దిగేసరికి నిమ్మకాయలు రెండు మెట్ల కిందికి దొర్లి ఉన్నాయి. తాయమ్మ కళ్లు మూసుకుని ఉంది.

"నిద్రపోతివా? ఇందా, ఇస్తా ఉండా, పట్టు." మూత తీసి గ్లాసు ముందుకు చాచింది. "పట్టక్కా, సల్లారిపోతాది."

అందుకోవడానికి చెయ్యి రాలేదు. స్టెల్లా ఇంకోసారి పిలిచింది. భుజం పట్టి కదిపింది. అప్పుడు అరిచిన అరుపుకు కిరణ్ కౌంటర్ దూకి వచ్చాడు.

అంబులెన్సు వాళ్లు వచ్చారు, చూశారు, వెళ్లారు. జనం మూగారు, ఒకరొకరే గదుల్లోకి పోయారు. నువ్వే తాగేయి అన్న మాట తన నోటినుంచే వచ్చిందని స్టెల్లా తల కొట్టుకుని ఏడ్చింది. ఆ కషాయం తాగినా ఆమె బతికేది కాదని కిరణ్ ఎన్ని విధాల చెప్పినా వినలేదు. "అది నాకూ తెలుసురా. అడిగింది ఒక్క గ్లాసు అందించమనే గదరా" అంది.

మర్నాడు మెట్లు కడగడానికి వచ్చిన కొత్త మనిషి అన్నీ తీసింది, దాన్ని మాత్రం ఏం చేయాలో తెలియక అక్కడే వదిలేసింది. చీమలు పట్టకుండా ఎవరో మళ్లీ మూత పెట్టిన స్టీలు గ్లాసు, అంచుదాకా నిండుగా, మెట్టు మీద.