కార్డు మీద ఎవరి పేరు

మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లు నన్ను సలహా అడుగుతుంటారు. ఇంటి నుంచి పని చేసేవాళ్లకు మొదటి పాఠం మైకు మూసుకోవడం అని వాళ్లకు ఎవరో చెప్పి ఉంటారు. ఉత్త మాట. మొదటి పాఠం, ఇంట్లో అమ్మ ఎక్కడుందో చూసుకోవడం. అది నాకు ఒక గురువారం పొద్దున తెలిసింది. 

మాది షోలాపూర్‌లో నీలం నగర్. మా గోడకు ఆనుకునే పవర్‌లూమ్ షెడ్డు. నాన్న పెంటప్ప అందులోనే టవల్స్ నేస్తాడు. మగ్గాలు నడిచేటప్పుడు ఇంట్లో ఎవరికి ఏం చెప్పాలన్నా అరిచి చెప్పాలి, అందుకే మా ఇంట్లో అందరి గొంతులూ పెద్దవి. అమ్మ చంద్రభాగ గుమ్మంలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతుంది. అన్న ఋషికేశ్‌ది పుణె కంపెనీలో మొబైల్ యాప్‌లు తయారుచేసే ఉద్యోగం, ఇంటి నుంచే.

ఇది లోకానికి తెలిసిన సంగతి. అసలు సంగతి ఏమిటంటే, అన్న మాట్లాడతాడు, నేను పని చేస్తాను. ఇద్దరం బీసీఏ చదివాం. అన్నకు మాట వచ్చు. కోపంగా ఫోన్ చేసినవాడు కూడా వాడితో నవ్వుతూ ఫోన్ పెట్టేస్తాడు. కోడ్ ముందు కూర్చోబెడితే మాత్రం ఆవులింతలు. నాకు ఉల్టా. పరాయివాళ్లతో మాట్లాడాలంటే నాలుక అతుక్కుపోతుంది, యాప్ ఎక్కడ ఆగిపోతోందో వెతకమంటే అన్నం కూడా గుర్తుకు రాదు. మొదట ఒక చిన్న తప్పు దిద్దిపెట్టాను. తర్వాత ఒక స్క్రీన్ రాశాను. ఆ తర్వాత అన్నీ నేనే. మీటింగ్‌లో వాడు కెమెరా ముందు, నేను కెమెరాకు కనపడకుండా పక్కన పీట మీద. ఎవరైనా గట్టి ప్రశ్న అడిగితే జవాబు నా ఫోన్ నుంచి పంపేదాన్ని, వాడు చదివి చెప్పేవాడు. ఇలా రెండేళ్లు గడిచాయి.

ఇది తప్పని మాకు తోచనే లేదంటే నమ్ముతారా? బీడీలు చుట్టే ఏ ఇంటికైనా వెళ్లి చూడండి. కంపెనీ ఇచ్చిన కార్డు ఒకరి పేరు మీద ఉంటుంది. ఆకు కత్తిరించేది కూతురు, చుట్టేది కోడలు, దారం కట్టేది ముసలామె. కార్ఖానాలో అప్పజెప్పేటప్పుడు మాత్రం ఒకటే పేరు. మా లెక్కలో ఈ ఉద్యోగమూ అంతే. ఇంటికొక కార్డు వచ్చింది, ఇంట్లోవాళ్లం చేస్తున్నాం.

ఆ గురువారం మీటింగ్ మొదలైన కాసేపటికే కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఇంత నిశ్శబ్దంలో ఇయర్‌ఫోన్లు ఎందుకని అన్న పీకి పక్కన పడేశాడు. లాప్‌టాప్ బ్యాటరీ మీద, నెట్ ఫోన్ మీద నడుస్తున్నాయి. తెర మీద టీమంతా ఉంది, మధ్యలో మా మేనేజర్ సోనాలి మేడం.

"ఋషికేశ్," అని మేడం మరాఠీలో మొదలుపెట్టింది. "మందుల యాప్‌లో డబ్బు కట్టే స్క్రీన్ మళ్లీ రాశావు కదా, ఫిర్యాదులు ఆగిపోయాయి. నిన్ను టీమ్ లీడ్ చేయమని పైకి రాస్తున్నాను. ఆ పని మొత్తం నీ పేరు మీద పెడుతున్నాను."

అన్న మొహం వెలిగిపోయింది. అబద్ధమెందుకు, పీట మీద నేను కూడా పొంగిపోయాను.

అమ్మ చాట కింద పెట్టింది. తంబాకు అంటిన చేతులు కొంగుకు తుడుచుకుంది. నీళ్లు తాగడానికి లేచిందనుకున్నాను. నేరుగా వచ్చి, అన్న భుజం మీంచి వంగి, తెరలోకి మొహం పెట్టి, మగ్గాల మధ్య మాట్లాడే గొంతుతోనే చెప్పింది.

"మేడం, తే కామ్ మాఝ్యా పోరీచం ఆహే."

ఆ పని నా బిడ్డది, అని. అక్కడితో ఆగినా ఏదో ఒకటి చెప్పి సర్దుకునేవాళ్లం. ఆగితే అమ్మ ఎందుకవుతుంది? నా రెక్క పట్టి పీట మీంచి లేపి కెమెరా ముందుకు లాగింది. "ఇది శీతల్. రాసేదంతా ఇదే. వాడు ఉత్తగా మాట్లాడతాడు," అని మిగతాది కూడా మరాఠీలోనే కానిచ్చింది.

 తెర మీద ఒక్కరూ కదలలేదు. నెట్ ఆగిపోయిందేమో, ఆగితే ఎంత బాగుండునో అనుకున్నాను. ఇంతలో సోనాలి మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఋషికేశ్, నేను తర్వాత ఫోన్ చేస్తాను," అంది. మీటింగ్ అయిపోయింది.

అన్న గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. "గయీ నౌకరీ," అన్నాడు, ఉద్యోగం పోయిందని.

నేను ఊరుకుంటానా? బయట లేవని నోరు ఇంట్లో బాగానే లేస్తుంది.

"నీకేం దయ్యం పట్టిందే అమ్మా? కొంప ముంచినవ్. ఇది బీడీ కార్డు అనుకున్నవా, అందరం కలిసి చుట్టినమని చెప్పనీకి? గిది కంపెనీ. ఒకల లాగిన్ ఇంకొకలు ముట్టుకోవద్దు. పెద్ద గొప్పగ పోయి చెప్పొచ్చినవ్."

అమ్మ చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుని ఆకు మీద తంబాకు పరిచింది. అది చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

మధ్యాహ్నం మేడం ఫోన్ చేసింది. అన్న స్పీకర్‌లో పెట్టాడు. మేడం తిట్టలేదు, తిడితే బాగుండేది. లాగిన్ వేరేవాళ్ల చేతికివ్వడం కంపెనీ క్షమించని తప్పనీ, ఇవాళ్టితో ఉద్యోగం అయిపోయినట్టేననీ, లాప్‌టాప్ పంపించేయమనీ చెప్పింది. అంత మాటకారి అన్న నోట "హో మేడం" అని ఒప్పుకోవడం తప్ప ఇంకో మాట రాలేదు. చివర్లో ఆమె నన్ను పిలవమంది.

"నువ్వు చేశావనడానికి ఎక్కడైనా నీ పేరుందా?" అని అడిగింది.

ఆలోచించాను. ఎక్కడా లేదు. నేను రాసిన ప్రతి అక్షరం కింద ఋషికేశ్ అనే ఉంది.

"డిగ్రీ ఉంది మేడం," అన్నాను.

"డిగ్రీ అందరికీ ఉంటుంది. రేపు పొద్దున కెమెరా ముందు కూర్చో. నేను చూస్తుండగా రాయి. మాటివ్వడం లేదు, చూస్తానంటున్నాను, అంతే."

ఫోన్ పెట్టేశాక అన్న అమ్మ ముందుకెళ్లి నిలబడ్డాడు. "తెలువక అన్నవా, తెలిసే అన్నవా?"

"తెలిసే అన్న."

ఈ మాట ముందు పొద్దున తగిలిన దెబ్బ ఒక దెబ్బే కాదు. 

"మీ నాయినమ్మ నర్సమ్మ కార్డు మీద చుట్టిన నేను," అంది అమ్మ, తల ఎత్తకుండా. "పెండ్లయి వచ్చిన దినం సంది. ఆమెకు కండ్లు కానరాకుంట అయినంక గూడ కార్డు ఆమెదే, చేతులు నావి. ఆమె పోయినంక, నేను చుట్టిన ఏండ్లకు ఏమన్న పింఛన్ అస్తదా అని ఆఫీసుల అడిగిన. సాహెబ్ ఒకటే మాట అడిగిండు. తూ కోణ్? నువ్వెవరు అని. ఏం చెప్పాలె? నా చేతులు చూపెట్టిన. నవ్విండు."

బీడీ చివర మడిచి చాటలో వేసింది.

"నీ పేరు మీద పెడుతున్న అన్నది గద మేడం వానితోని. గది ఇన్నంక ఊకుండుడు నాతోని కాలే."

"మరి నా సంగతేంది?" అన్నాడు అన్న. "నేను నీ కొడుకును కానా?"

"ఎందుకు కావు బేటా? నీకు నోరున్నది, యాడికి పోయినా బతుకుతవ్. బయటోళ్ల ముంగట దీనికి నోరు లేవది. పేరన్న ఉండాలె గద."

అన్న అన్నం తినకుండానే వెళ్లిపోయాడు. ఇక నాతో మాట్లాడడనుకున్నాను, ఏడుపొచ్చింది.  సాయంత్రం అశోక్ చౌక్ నుంచి తిరిగొచ్చాడు, చంకలో తన దోస్తు నిలేష్ లాప్‌టాప్.

"కంపెనీది పంపియ్యాలె గద. రేపు దేని మీద రాస్తవ్, చాట మీదనా?" అన్నాడు, నా మొహం చూడకుండా.

మర్నాడు కరెంటు ఉంది. మగ్గాలు మోగుతున్నాయి. పీట ఖాళీగా ఉంది. కెమెరా ముందు నేను ఒక్కదాన్నే. అమ్మ గుమ్మంలో తన చోట కూర్చుని చుడుతోంది.

"పైన పేరు రాసి మొదలుపెట్టు," అంది సోనాలి మేడం.

వేళ్లు వాటంతటవే కదిలాయి. తల ఎత్తి చూసి అదిరిపోయాను. తెర మీద ఋషికేశ్ అని ఉంది.

మేడం కూడా చూసింది. సాహెబ్ అమ్మను అడిగిన మాటే ఆమె నోటి నుంచి వస్తుందనుకున్నాను. ఆమె ఏమీ అడగలేదు, ఊరికే చూస్తూ కూర్చుంది. ఒక్కో అక్షరం చెరిపేశాను. 

"శీతల్," అన్నాను.

"వినపడలేదు. అక్కడేదో చప్పుడు."

"శీతల్ మేడం. నా పేరు శీతల్." మగ్గాలు నడుస్తున్నాయి కదా, అరిచి చెప్పాల్సి వచ్చింది. గుమ్మంలో అమ్మ చేతులు ఆగిపోయాయి.