ధక్కా బండి

రామసుబ్బమ్మకు మనుషుల్లో నచ్చేవాళ్లు తక్కువ. బళ్లలో నచ్చేది అసలు లేదు. అందులోనూ కొంటా ఊళ్లో తన గోదాము వెనక పడి ఉన్న నాలుగు సిలిండర్ల పాత పికప్‌ను చూస్తే ఆవిడకు ఒళ్లు మండేది. ఎవడో కాంట్రాక్టరు నాలుగు తియ్యటి మాటలు చెబితే పడిపోయి దాన్ని కొన్నది భర్త ఈశ్వరరావు. కొన్నాక రెండు నెలలు తిరిగింది, తర్వాత ఆగింది, ఆగినచోటే కోళ్లు గుడ్లు పెట్టాయి. మొగుడు కూడా ఇంచుమించు అప్పుడే ఆగిపోయాడనీ, కాకపోతే ఆయన గుడ్లకు కూడా పనికిరాడనీ ఆవిడ దుకాణానికి వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

అలాంటి బండిని బాగుచేయించడానికి ఆవిడ ఒప్పుకుందంటే కారణం చింతపండు. అడవి లోపల బండగూడెంలో మంగళవారం సంత జరుగుతుంది. అక్కడ కొనే చింతపండు మీదే ఆ దుకాణం ఏడాదంతా బతుకుతుంది. ఈసారి సీజను మొదలవకముందే గీదం ఊరి వ్యాపారి చక్రధరరావు చుట్టుపక్కల కిరాయి బళ్లన్నీ మాట్లాడేసుకున్నాడు. ఆ సంత చేజారితే దుకాణానికి తాళం వేసుకోవడమే. తెల్లచొక్కా తొడుక్కున్న ఆ నక్క పప్పులు తన దగ్గర ఉడకనివ్వకూడదని ఆవిడ పంతం పట్టింది.

బండి చూడటానికి వచ్చినవాడు ఉమామహేశ్, వరసకు మేనల్లుడు, భద్రాచలంలో మెకానిక్కు పని నేర్చుకున్నవాడు. బానెట్ ఎత్తి, కోడిపెట్టను అదిలించి, చాలాసేపు చూసి, తల గోక్కున్నాడు.

"అత్తా, నాలుగు సిలిండర్లల్ల ఒకటి కొడతలేదు."

"ముగ్గురు చేస్తుంటే నాలుగోవాడు కూసోని తినుడు మా ఇంట్ల కొత్తేం కాదు లేరా. నడుస్తదా, నడవదా?"

వరండాలో ఈశ్వరరావు పేపరు పేజీ తిప్పాడు.

కొత్త సామాను పేరెత్తితే ఆవిడ పూనకం వచ్చినట్టు లేచేది. అందుకని ఉమామహేశ్ విరిగిన జీపులోంచి క్లచ్ ప్లేటు తెచ్చాడు, రేడియేటరు చిల్లులకు మాట్లు వేయించాడు, రబ్బరు ఎక్కించిన పాత టైర్లు బిగించాడు. చివరికి నాలుగో సిలిండరు కూడా సిగ్గుపడి పనిలోకి వచ్చింది. ఆ ఉత్సాహంలో ముందు రంగుల లైట్లు, లోపల పాటల పెట్టె పెడదామన్నాడు.

"అడవిల ఎవరి పెండ్లి ఊరేగింపురా అది? నోరు మూసుకొని పని చెయ్."

"సరే అత్తా. కాని సెల్ఫ్ మోటరు కాలిపోయింది. అది కొత్తదే వెయ్యాలె. లేకపోతే బండి స్టార్ట్ చేసినప్పుడల్లా తోసుడే."

"తోసేటోళ్లు దొరకరా సంతల? పనీపాటా లేక తిరుగుతుంటరు."

అలా సెల్ఫ్ లేకుండానే బండి బండగూడెం చేరింది. నడిపేవాడు జోగ, ఆ పక్క ఊరివాడే. సాయంత్రం చింతపండు మూటలు ఎక్కించాక జోగ వాళ్ల భాషలో ఏదో కేక వేశాడు. పదిమంది వచ్చి భుజాలు ఆనించి తోశారు. బండి దగ్గి, తుమ్మి, నల్లగా పొగ కక్కి లేచింది. తోసినవాళ్లు గబగబా మూటల మీదికి ఎక్కి కూర్చుని, దారిలో ఎవరి ఊరు వస్తే వాళ్లు దిగిపోయారు. ముందు సీట్లో రామసుబ్బమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, పైసా ఇయ్యకుండ పుక్యానికి ఎక్కే జాతి అని దారి పొడుగునా గొణిగింది. ధక్కా ఇచ్చి తోస్తే గాని లేవదని సంతలో జనం ఆ పికప్‌కు ధక్కా బండి అని పేరు పెట్టేశారు.

మూడు నాలుగు సంతలు ఇలాగే గడిచాయి. బుట్టలన్నీ ఆవిడ తరాజు దగ్గరికే వస్తున్నాయి. నిజానికి అదే సంతలో చక్రధరరావు కిలోకు ఆవిడకంటే కాస్త ఎక్కువే ఇస్తున్నాడు. ఎక్కువిచ్చేవాణ్ని వదిలేసి తన దగ్గరికి వస్తున్నారంటే వీళ్లకు లెక్క రాదని, లెక్క రానివాళ్లంటే తనకు జాలి కూడా లేదని ఆవిడ అనుకుంది.

చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే కొత్త సెల్ఫ్, కొత్త బ్యాటరీ వేయించింది. తాళం ఒక్క తిప్పు తిప్పితే బండి లేచింది. ఆ మంగళవారం సాయంత్రం జోగను పిలిచింది.

"ఇంక ఎవడూ మూటల మీద ఎక్కేది లేదని చెప్పు. తొక్కితొక్కి చింతపండును పచ్చడి చేస్తున్నరు. ఎక్కాలంటే కిరాయి ఇయ్యాలె."

"చెప్పాల్నా అమ్మా?"

"నీకు జీతం ఎందుకిస్తున్నరా?"

జోగ చెప్పాడు. జనం విన్నారు, ఖాళీ బుట్టలు నెత్తిన పెట్టుకుని నడిచిపోయారు. ఎవరూ నోరెత్తలేదు. తనంటే ఎంత భయమో అని రామసుబ్బమ్మ మురిసిపోయింది.

మరుసటి సంతలో ఆవిడ తరాజు పొద్దున్నుంచి ఖాళీగా వేలాడింది. బుట్టలన్నీ ఆవిడ ముందునుంచే వెళ్లి చక్రధరరావు నీడకు కట్టుకున్న పరదా కింద దిగుతున్నాయి. వాడు తెల్లచొక్కా మడతలు సర్దుకుంటూ దూరంనుంచే ఆవిడకు నమస్కారం పెట్టాడు. రామసుబ్బమ్మ తరాజు వదిలి దారికి అడ్డంగా వచ్చింది. ఎప్పుడూ తనకే అమ్మే ఆయతి అటు పోతుంటే ఆపింది.

"ఏమే ఆయతీ, కండ్లు కనపడతలేవా? నా తరాజు ఇక్కడుంది."

"కనపడతంది షావుకారమ్మా. నీ బండి ఇప్పుడు తనంతట తనే లేస్తది గద. మా ధక్కా నీకక్కెర్లేదు. మరి మా చింతపండెందుకు?"

"ఇన్ని దినాలు నాకే ఎందుకేసిన్రు మరి?"

"వాడు మొదటినుంచి నీకన్న ఎక్కువే ఇస్తండు. కాని వాడు పొద్దుగూకినంక మమ్మల్ని ఇంటికాడ దింపడు. మేం తోసుడు, నువ్వు దింపుడు. అదే కిరాయి అనుకున్నం."

లెక్క రానిది ఎవరికో రామసుబ్బమ్మకు అప్పుడు తెలిసింది. నడిసంతలో తల కొట్టేసినట్టయింది. తప్పయిపోయిందనే మాట ముప్పై ఏళ్ల కాపురంలో ఈశ్వరరావే ఆవిడ నోట వినలేదు, ఇక ఆయతి ఎక్కడ వింటుంది? ఆవిడ గిరుక్కున తిరిగి బండి దగ్గరికి పోయింది.

"జోగా, ఆ సెల్ఫ్ తీగ పీకు."

"కొత్తది గదమ్మా!"

"పీకమన్ననా లేదా?"

పట్టపగలు, సంతంతా చూస్తుండగా జోగ బానెట్ ఎత్తి తీగ పీకాడు. రామసుబ్బమ్మ గొంతెత్తింది. "బండి లేస్తలేదు! జర తోయండి. ఎక్కేటోళ్లు ఎక్కండి, కిరాయి లేదు, గిరాయి లేదు. ఏందట్ల చూస్తరు?"

ఎవరూ కదల్లేదు. ఎవరో నవ్వారు. ఆ నవ్వు సంత ఈ చివరనుంచి ఆ చివరకు పాకింది. ఆయతి మాత్రం బుట్ట తెచ్చి బండిలో దించి, వెనకే తనూ ఎక్కి, కాళ్లు చాపుకుని కూర్చుంది. ఆమెను చూసి ఇంకొందరు, పరదా కింద దించి ఇంకా తూయించని బుట్టలు కూడా ఎత్తుకొచ్చి, బండెక్కారు. చక్రధరరావు లేచి నిలబడ్డాడు.

"ఇయ్యాల నువ్వు తొయ్యి షావుకారమ్మా," అంది ఆయతి. "మేం కూసుంటం."

రామసుబ్బమ్మ జోగ వంక చూసింది. వాడు స్టీరింగు పట్టుకుని, నవ్వు ఆపుకుంటూ, ముందుకు చూస్తున్నాడు. ఆవిడ కొంగు నడుముకు బిగించి, పళ్లు కొరుకుతూ వెనక తలుపుకు భుజం ఆనించి తోసింది. బండి ఇసుమంత కూడా కదల్లేదు.

"అదేం తోసుడు?" అంది ఆయతి పైనుంచి. "గట్టిగ తొయ్యి. పైన ఉన్నది నీ చింతపండే గద!"