కడపటి గిన్నె

మార్కాపురం పలకల గనుల పక్కన సామ్యేలుగారు కట్టించిన గంజి కొట్టానికి ఆ రోజు జొన్నల కన్నా ముందు పూలదండలు వచ్చినాయి. పెద్దాయన పోయి నెల తిరగలేదు. ఆయన పెట్టిన కరువు సహాయ సంఘానికి యేసుదాసును కొత్త ప్రెసిడెంటుగా కూర్చోబెడుతున్నారు. యేసుదాసు ఆ సంఘం తిండి తిని పెరిగి, మద్రాసులో బి.ఏ. పాసై వచ్చినవాడు. వాళ్ళింట్లో అంతకుముందు సంతకం చేయగలిగినవాళ్ళు లేరు. పెద్దాయన మంచంలో ఉండి, "నా తర్వాత ఈ పొయ్యి ఆరకుండా నువ్వు చూసుకోవాల రా" అన్నందుకు కాదనలేక ఒప్పుకున్నాడు.

సెక్రటరీ ఆశీర్వాదం పెద్దాయన కుర్చీకి వార్నిష్ పూయించినాడు. చేతికర్రకు వెండి పొన్ను తొడిగించినాడు. కళ్ళద్దాలను ఎర్ర గుడ్డ మీద పెట్టి, వచ్చినోళ్ళందరి చేతా దండం పెట్టిస్తున్నాడు. కొట్టం వెనక పెద్దమనుషులకు కోడికూర ఉడుకుతా ఉంది. ఆ వాసన గంజికి కూర్చున్నోళ్ళ ముక్కులకు కొడతా ఉంది.

"మామా, ఇవన్నీ ఏంది? పెద్దాయన ఆ కళ్ళద్దాలకు దారం కట్టుకొని తిరిగినాడు" అన్నాడు యేసుదాసు.

"ఆయన చేసుకోలేదు గనకనే మనం చేస్తున్నాం దాసూ. నువ్వు గూడా దారం కట్టుకొని తిరిగితే సంఘం పరువేం గావాల?"

ప్రార్థన అయింది. ఉపన్యాసాలు అయినాయి. చల్లారిపోయిన గంజిని అప్పుడు పోసినారు.

సామ్యేలుగారికి ఒక పద్ధతి ఉండేది. అందరికీ పోసినాక వరసలో చిట్టచివర కూర్చొని, కుండలో మిగిలింది తాగేవాడు. మిగలకపోతే పస్తు. తనకు అందలేదంటే మర్నాడు వంటామె సామ్రాజ్యం ఇంకో పడి జొన్నలు ఎక్కువ వేయాల. అంతే దాని అర్థం. చిన్నప్పుడు అదే వరసలో తాగిన యేసుదాసుకు అది తెలుసు. ఆశీర్వాదానికి మాత్రం అదేదో దీక్ష లాగా, పెద్దరికానికి గుర్తు లాగా కనిపించింది.

"ఇప్పుడు మన ప్రెసిడెంటుగారు పెద్దాయన ఆచారం ప్రకారం కడపటి గిన్నె తాగుతారు" అని చెప్పి, గుడ్డ కప్పిన వెండి గిన్నె తెచ్చి యేసుదాసు చేతిలో పెట్టినాడు. అది పొద్దున్నే వేరే తీసిపెట్టిందంట.

యేసుదాసు వరస చివరకు చూసినాడు. దోర్నాల అవతల అడవి గూడెం నించి నడిచొచ్చిన బయ్యమ్మ ఖాళీ సత్తుగిన్నె పట్టుకొని కూర్చొనుంది. ఆమె పక్కనోళ్ళవీ ఖాళీనే.

"అవ్వా, నీకు పోయలేదా?"

"కుండ అయిపోయిందంట నాయనా. పెద్దాయన మంచం పట్టినకాడి నించి గంజి ఈ చివరికి రావడం లేదులే. నువ్వు తాగు, నీ పండగ గదా."

అతను వెండి గిన్నె ఆమె చేతికిచ్చినాడు. అందరూ చప్పట్లు కొట్టినారు. ఆశీర్వాదం కళ్ళు తుడుచుకున్నాడు. కర్నూలు నించి వచ్చిన ఫోటోగ్రాఫరు నల్లగుడ్డలో నించి తల బయట పెట్టి, "ఆమెను తాగనియ్యద్దండి. ఇద్దరూ గిన్నె అట్లనే పట్టుకోండి" అన్నాడు.

ఆశీర్వాదం పరుగున వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "మొగం ఇటు తిప్పు అవ్వా. ఏంది అట్ల చూస్తావు, కొంచెం నవ్వు."

"తాగినాక నవ్వుతాలే" అంది బయ్యమ్మ.

పెద్దమనుషులకు అది భలే నచ్చింది, పకపకా నవ్వినారు. యేసుదాసు గిన్నె వైపు చూసుకున్నాడు. ఆకలిగొన్న ముసలామె నోటికి గిన్నె అందకుండా పట్టుకున్న చేతుల్లో తనవీ రెండు ఉన్నాయి.

ఫోటో అయినాక బయ్యమ్మ ఒక గుక్క తాగి ఆగింది. "ఇదేంది, పాలు పోసినారు. బెల్లం గూడా. మాకు పోసేది ఇది కాదే" అని గిన్నె పక్కనామెకు అందిచ్చింది.

యేసుదాసు నోట్లో పుల్లనీళ్ళు ఊరినాయి. గోడవారకు పోయి ఉమ్మేసి వచ్చినాడు. మెడలో దండ తీసి కుర్చీ మీద పడేసినాడు.

"సామ్రాజ్యం అత్తా, పెద్దమనుషులకు వండిన అన్నం గంగాళం ఇటు తెప్పించు. కూర గూడా."

సామ్రాజ్యం ఆశీర్వాదం వైపు చూసింది.

"దాసూ, గిద్దలూరు నించి బండ్లు కట్టుకొని వచ్చినారు వాళ్ళు. ఆకులేసినాం."

"ఆ ఆకులే ఇటు వెయ్యండి మామా."

"ప్రెసిడెంటై పూట కాలేదు. పెద్దాయన ఉంటే ఇట్ల చేసేవాడా?"

"ఆయన ఉంటే కోడికూరే ఉండేది కాదు."

అన్నం వరస చివరి నించి వడ్డించినారు. పెద్దమనుషులు కండువాలు దులుపుకొని లేచినారు. ఒకాయన, "చదువుకున్నోళ్ళను నెత్తికెక్కించుకుంటే ఇంతే" అన్నాడు. ఇంకొకాయన, ఫోటో తనకొక కాపీ పంపమని ఫోటోగ్రాఫరుకు మరీ మరీ చెప్పి బండెక్కినాడు.

అందరూ పోయినాక ఆశీర్వాదం దగ్గరకొచ్చి, "రాజీనామా ఇస్తావా నాయనా?" అని మెత్తగా అడిగినాడు. ఆ గొంతులో ఆశ దాగలేదు.

ఇచ్చిపోతే ఆ కుర్చీలో ఈయన కూర్చుంటాడు. ఉంటే రోజూ ఈయన మొగం చూడాల. ఏది తల్చుకున్నా యేసుదాసుకు ఒళ్ళు జలదరించింది.

"ఇయ్యను మామా. రేపు గంజి టయానికి రా. ఇంక నువ్వు గూడా ఇక్కడే వరస చివర తాగాల, నా పక్కన."

ఆశీర్వాదం ముక్కు ముడుచుకున్నాడు.