తండా వాటా

తొర్రూరు అవతల ఆకేరు వాగులో లోతైన మడుగు ఒకటుంది. చెత్త నిండి, ఇసుక ట్రాక్టర్లు దిగి దిగి, ఒక దశలో అందులో కప్పలు తప్ప ఏమీ మిగల్లేదు. అప్పుడు తండా నుంచి రాజీ ఊళ్లోకి వెళ్లి, పెద్దమనిషి బుచ్చన్న పటేల్ వాకిట్లో నిలబడి అడిగింది.

"ఏడాదంత మడుగు జోలికి ఎవ్వలు పోవద్దు పటేలా. ఎండకాలంల ఒక్కరోజు ఊరు, తండా కలిసి దిగుదం. పొద్దుగాల చెత్త తీద్దం, ఎనుక చేపలు పడదం. చేపపిల్లలను మళ్ల నీళ్లల్లనే ఇడుద్దం."

బుచ్చన్న ఒప్పుకున్నాడు. మెల్లగా మడుగు తేరుకుంది. కొర్రమట్ట చేపలు తిరిగొచ్చాయి. చేపల రోజున ఊరి ఆడవాళ్లూ తండా ఆడవాళ్లూ ఒకే వల పట్టి లాగుతుంటే, రాజీకి ఇంట్లో పెళ్లి జరుగుతున్నట్టే ఉండేది.

నిరుడు వానల్లో, చేపలు గుడ్లు పెట్టే కాలంలో, బుచ్చన్న కొడుకు ధీరజ్ దోస్తులతో వచ్చి వల వేసి పట్టుబడ్డాడు. తప్పైందన్నాడు. పోరడు కదా అని అందరూ నవ్వి వదిలేశారు. రాజీ కూడా నవ్వింది.

ఈ ఏడు చేపల రోజు దగ్గరపడిందనగా, ఒక పొద్దున మడుగంతా చేపపిల్లలు తెల్లగా తేలాయి. ఎవరో మోటరు తీగ తగిలించి నీళ్లలోకి కరెంటు వదిలారు. జనం గుమిగూడి ఒకరినొకరు అనుమానిస్తూ కేకలేసుకుంటున్నారు. రాజీకి తెలుసు. వస్తూ వస్తూ తమ్ముడు చందూలాల్ ఇంటి వెనక, మరదలు నీరజ బకెట్ నిండా కొర్రమట్టలు పెట్టుకుని తోమడం చూసింది.

తను అడిగి పెట్టించిన కట్టుబాటు. నోరు మూసుకుంటే ఎట్లా? వాడూ ధీరజ్‌లాగే తప్పైందంటాడు, అంతటితో అయిపోతుంది అనుకుంది.

"మా తమ్ముడే జేసిండు పటేలా. తప్పు ఒప్పుకుంటడు. నేనే తోల్కొస్త."

చందూలాల్ వచ్చాడు. తల దించుకుని తప్పైందన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"తండోళ్లతోని గిట్లనే ఉంటది," అందరికన్నా ముందు అన్నది ధీరజే.

"ఇగ తండా మడుగుల దిగొద్దు," అన్నాడు బుచ్చన్న.

"ఒక్కడు జేస్తె తండా ఏం జేసింది? మీ కొడుకు వల ఏసిననాడు ఊరును ఆపినమా?" అంది రాజీ.

"గది వేరు, గిది వేరు."

చేపల రోజు వచ్చింది. చెత్త తీయడానికి మాత్రం రమ్మని తండాకు కబురొచ్చింది. ఎవరూ కదల్లేదు. వాగేం పాపం చేసిందని రాజీ ఒక్కతే వెళ్లి, నడుం లోతు నీళ్లలో దిగి ప్లాస్టిక్ కవర్లు ఏరింది. వలలు దిగే వేళకు గట్టెక్కింది.

బుచ్చన్న భార్య సత్తెమ్మ రెండు కొర్రమట్టలు తెచ్చి ఇవ్వబోయింది. "నిజం చెప్పినవు బిడ్డా, నీకు పటేలు వాటా పంపిండు."

"తండాకా అవ్వా?"

"తండాకెందుకు? నీ ఒక్కదానికే."

"ఒద్దవ్వా. నేను తినలేను."

సత్తెమ్మ మూతి తిప్పుకుని, ఆ చేపలను పక్కనున్న ఇంకొకామె గంపలో వేసింది.

తడి బట్టలతో రాజీ తండా చేరేసరికి ఆడవాళ్లంతా నల్లా దగ్గరున్నారు. నీరజ అందరికీ వినపడేలా అడిగింది. "వాటా ముట్టిందా వదినా?"

"తీసుకోలే," అంది రాజీ.

ఎవరో కిసుక్కుమన్నారు. నీరజ బిందె ఎత్తుకుని నడిచింది. ఆమె వెనకే ఒక్కొక్కరూ వెళ్లిపోయారు. రాజీ ఖాళీ చేతుల వైపు ఎవరూ చూడలేదు.