వంటింట్లోకి తిరిగే బంతి

మూడో అంతస్తు దాటుతుండగా బంతి అతని కుడిచేతిలోంచి లేచి, గిర్రున తిరిగి, ఎడమ అరచేతిలో పడింది. ఎడమ మోచెయ్యి మాత్రం ఇత్తడి లివర్ మీదనుంచి కదల్లేదు. లివర్ వదిలితే లిఫ్టు అక్కడికక్కడే ఆగిపోతుంది. ఇరవై నాలుగేళ్లుగా మోచేతి పని మోచేతిది, చేతుల పని చేతులది. అందుకే అతని ఖాకీ చొక్కాలన్నిటికీ ఎడమ మోచేతి దగ్గర ఒక మాసిక ఉంటుంది.

"ఐదు," అని మోచెయ్యి ఎత్తాడు. లిఫ్టు ఒకసారి మూలిగి ఐదో అంతస్తు గడపకు సమంగా ఆగింది. వెంట్రుకంత ఎత్తూ లేదు, పల్లమూ లేదు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు మొదటిరోజు గడప తట్టుకుంటామేమోనని కిందకి చూసుకుంటూ దిగుతారు. రెండోరోజునుంచి చూడరు. ఆ నమ్మకం ఎవరిచ్చారో కూడా వాళ్లకు తట్టదు. అతను స్టూలు మీదనుంచి లేవకుండానే జాలీ తలుపు లాగాడు.

"ఈరోజే కదా బాబాయ్, ఆఖరు?" అన్నాడు దిగబోతూ ఐదో అంతస్తు అకౌంటెంటు. భవనం క్రికెట్ టీముకు కెప్టెన్ అతనే.

"లిఫ్టుకు ఆఖరు. నాకు కాదు."

"సరేలే. రెండున్నరకి గ్రౌండుకి వచ్చెయ్. మర్చిపోకు."

"ఇరవై రెండేళ్లలో ఎప్పుడైనా మర్చిపోయానా?"

"మర్చిపోవుగా! అదే మా ఖర్మ," అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

సోమవారం ఈ లిఫ్టు విప్పేసి బటన్ల లిఫ్టు పెడతారు. దానికి స్టూలూ అక్కర్లేదు, స్టూలు మీద మనిషీ అక్కర్లేదు. అతనికి ఊరికి అటు చివర ఒక ఆసుపత్రిలో పని దొరికింది. స్ట్రెచర్ తోసేవాళ్లకు బటన్ నొక్కడానికి చేతులు ఖాళీ ఉండవు కనుక అక్కడ ఇంకా మనిషి కావాలి. కాబట్టి బతుకుతెరువు గురించి బెంగ లేదు. చిక్కల్లా ఆటతోనే. ఆఫీసుల లీగులో ఏ టీముకు ఆడాలన్నా ఆ భవనం గుర్తింపు కార్డు ఉండాలి. ఇతని కార్డుకు ఈ సాయంత్రం ఐదింటితో చెల్లు. ఆసుపత్రికి టీము లేదు. రెండేళ్లుగా అందరూ తనకు తగిలించిన 'గూగ్లీ బాబాయ్' అన్న పేరుతోనే ఈ మెట్లు దిగిపోవడం అతనికి సుతరామూ ఇష్టం లేదు.

అతనికి స్పిన్ నేర్పింది ఏడో అంతస్తు డ్రాఫ్ట్స్‌మన్. ఒక కాలు ఈడుస్తూ నడిచే పెద్దాయన. కింద నుంచి ఏడో అంతస్తుకు యాభై రెండు సెకన్లు. పాఠం అంతే.

"మొదటి రెండు వేళ్లూ బంతి కుట్టుకు అడ్డంగా పెట్టు. మూడోవేలు మడిచి కుట్టుకు ఆనించు. తిప్పేది అదే. ఇక మణికట్టు..." అనేలోగా మూడో అంతస్తులో ఎవరో ఎక్కేవారు. పెద్దాయన నోరు మూసుకుని లిఫ్టు కప్పుకేసి చూసేవాడు. మర్నాడు పొద్దున్న ఎక్కీ ఎక్కగానే, నమస్కారం కూడా లేకుండా, "మణికట్టు తలుపు గుండ్రం తిప్పినట్టు తిరగాలి," అనేవాడు. అలా ఏడాదిన్నర. ఒక్కసారి కూడా ఇద్దరూ కలిసి మైదానంలో నిలబడింది లేదు.

ఆయన నేర్పింది లెగ్‌బ్రేక్. బ్యాటర్ కాళ్లవైపు పడి, బయటికి తిరిగి, బ్యాటును తప్పించుకుపోయే బంతి. గూగ్లీ నేర్పమంటే మాత్రం ఒప్పుకోలేదు. చెయ్యి చూస్తే లెగ్‌బ్రేకే అనిపించి, బంతి ఎదురుదిక్కుకు, లోపలికి తిరగడం గూగ్లీ.

"దాని మోజులో పడితే మొదటిది చెయ్యిజారిపోతుంది నాయనా. మణికట్టు ఒకసారి అతిగా తిరగడం మరిగితే వెనక్కి రానంటుంది," అన్నాడు. ఆ తర్వాత రిటైరైపోయాడు.

ఇరవై ఏళ్లు ఆ మాట విన్నాడు. నలభై ఏడో ఏట, కెప్టెన్ పోరు పెడుతుంటే, సొంతంగా గూగ్లీ పట్టేశాడు. మొదటి సీజన్లో తొమ్మిది వికెట్లు. లిఫ్టులో పైకీ కిందకీ తిరుగుతూ రోజంతా అదే సాధన. తీరా ఒక ఆదివారం లెగ్‌బ్రేక్ వేద్దామని చెయ్యి తిప్పితే బంతి లోపలికి వచ్చింది. ఇంకోటి వేశాడు. అదీ లోపలికే. ఆ వారమంతా అంతే. ఈ సంగతి బ్యాటర్లకు తెలియడానికి నెల పట్టలేదు. తిరిగే దిక్కు ముందే తెలిసిన బంతిని ఎవరైనా బాదుతారు. బాదారు.

జబ్బును మొదట పట్టుకున్నది అతని భార్య. ఆమె బడిలో ఆయా. పొద్దున్నే వసారాలో బక్కెట్టును వికెట్టుగా పెట్టి, దాని వెనక పీట మీద కూర్చుని మొగుడి బంతులు పట్టడం పెళ్లైన కొత్తలో వేళాకోళంగా మొదలై అలవాటైపోయింది. ఆమెకు కుడిపక్క వంటింటి గుమ్మం, ఎడమపక్క గోడ. లెగ్‌బ్రేక్ పడితే బంతి వంటింట్లోకి దూరుతుంది. గూగ్లీ అయితే గోడకు కొట్టుకుంటుంది. అందుకని ఆమె భాషలో ఒకటి వంటింటిది, రెండోది గోడది. ఇంగ్లీషు పేర్లు ఆమె చెవిన వేసుకోలేదు.

"ఏవండీ, వంటింటిది ఏమైపోయింది? నెల్లాళ్లుగా నా పొయ్యి గట్టు కిందకి ఒక్క బంతీ రాలేదు."

"వేస్తున్నా కదే!"

"మీరు వేస్తున్నారు. అది గోడకి పోతోంది. పట్టేదాన్ని, నాకు తెలీదా?"

అతను ఆ మాట ఒప్పుకోవడానికి ఏడాది పట్టింది. మొన్న వేసవిలో ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నరోజే ఆమె అడిగింది. "మొదట్లో ఎలా నేర్చుకున్నారు?"

"స్టూలు మీద కూర్చుని."

"అయితే కూర్చోండి."

కూర్చున్నాడు. వసారాలో ప్లాస్టిక్ స్టూలు మీద, మూడు గజాల దూరంనుంచి, పరుగు లేదు, భుజం లేదు, ఒట్టి మణికట్టు. లిఫ్టులో గూగ్లీ పూర్తిగా మానేశాడు. చెయ్యి అటు పోబోతే పిడికిలి బిగించి తొడ కింద పెట్టుకునేవాడు. వారాలు గడిచాయి. నలభై ఏడో రోజు పొద్దున్న బంతి నేలను తాకి, ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, వంటింటి గడపను ఒరుసుకుంటూ పొయ్యి గట్టు కిందకి పోయింది. అతను తీసుకొద్దామని లేచాడు.

"ఉండనివ్వండి," అంది ఆమె. "చాన్నాళ్లకి వచ్చింది. కాసేపు కూర్చోనివ్వండి."

ఆ తర్వాత రోజూ వచ్చింది. కానీ టీములో ఎవరికీ తెలీదు. గడిచిన మూడు మ్యాచుల్లోనూ కెప్టెన్ అతనికి బంతే ఇవ్వలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు చివరి ట్రిప్పు వేసి, లిఫ్టును కింద గడపకు సమంగా ఆపి, జాలీ మూశాడు. ఆపడం మామూలుగానే ఆపాడు. తాళాలు వాచ్‌మన్‌కు ఇచ్చి మైదానానికి నడిచాడు.

ఆట బ్యాంకు టీముతో. పదిహేను ఓవర్లు. ఇతని భార్య బడి వదలగానే వచ్చి బౌండరీ దగ్గర అందరి సంచులకూ కాపలాగా కూర్చుంది. బ్యాంకుకు ఇంకా ఐదు ఓవర్లలో నలభై ఒక్క పరుగులు కావాలి. వాళ్ల హెడ్‌క్లర్కు పాతుకుపోయి ఆడుతున్నాడు. అప్పుడు కెప్టెన్ బంతి పట్టుకొచ్చాడు.

"చివరిరోజు కదా బాబాయ్, ఓ ఓవర్ వేసెయ్." వీడ్కోలు బహుమతి చేతిలో పెడుతున్నవాడి గొంతు అది. ఇతనికి అర్థమైంది. కానీ బంతి బంతే. తీసుకున్నాడు.

"రా బాబాయ్, రా! నీకోసమే అవుటవకుండా కాచుక్కూర్చున్నా," అన్నాడు హెడ్‌క్లర్కు చేతులు రుద్దుకుంటూ. రెండేళ్లుగా ఆయన ఇతన్ని ఆడే పద్ధతి ఒక్కటే. మోకాలు నేలకానించి ఎడాపెడా ఎడమవైపు ఊడ్చెయ్యడం.

మొదటిది గూగ్లీ వేశాడు. ఊడ్చాడు. నాలుగు. రెండోదీ గూగ్లీయే. రెండు పరుగులు.

"బాబాయ్, కాస్త చూసి!" అని అరిచాడు వికెట్ కీపరు. మూడో అంతస్తులో జిరాక్సు మిషన్ దగ్గర పనిచేసే కుర్రాడు. కెప్టెన్ ఆకాశంకేసి చూస్తున్నాడు.

"ఏవండోయ్! వంటింట్లోకి వెయ్యండి!" బౌండరీ నుంచి భార్య గొంతు మైదానమంతా వినబడింది.

"ఏమంటోంది పిన్ని?" అన్నాడు ఒక ఫీల్డరు.

"ఏమో. ఆకలేస్తోందేమో పాపం."

అతను ఆమె వైపు చెయ్యెత్తి ఆగమన్నట్టు చూపించాడు. మూడోదీ గూగ్లీయే, తెలిసే వేశాడు. నాలుగు పోయింది. ఇప్పుడు హెడ్‌క్లర్కు ముఖంలో సందేహం మచ్చుకైనా లేదు. బంతి చెయ్యి వదలకముందే మోకాలు వంగుతోంది. ఇతనికి కావలసింది అదే.

నాలుగో బంతికి వెనక్కి నడుస్తూ మట్టిలో వేళ్లు రుద్దుకున్నాడు. స్టూలు మీద వచ్చింది, వసారాలో వచ్చింది. ఇరవై రెండు గజాల మీద, మనుషుల ఎదట, రెండేళ్లుగా రాలేదు. ఇప్పుడు రాకపోతే ఇక రావడానికి చోటు లేదు. కానీ లిఫ్టు ఎక్కడ ఆగాలో మోచేతికి తెలిసినట్టు, మణికట్టుకు తెలుసని అతనికి అనిపించింది. దాన్ని దాని మానాన వదిలేశాడు.

నాలుగడుగులు వేసి చెయ్యి తిప్పాడు. బంతి పైకి లేచి, బ్యాటర్ కళ్లకంటే ఎత్తుకు వెళ్లి, చటుక్కున కిందకి దిగి, కాళ్లకు ఎదురుగా పడింది. హెడ్‌క్లర్కు మోకాలు వంచి ఊడ్చాడు. బ్యాటు అటు పోయింది. బంతి ఇటు తిరిగింది. టక్కుమని చిన్న చప్పుడు. వికెట్ల మీది రెండు చెక్కబెయిళ్లలో ఒకటి అక్కడే పడిపోయింది, ఒకటి ఎగిరి ఎటో వెళ్లింది.

హెడ్‌క్లర్కు కదల్లేదు. "కీపర్ చెయ్యి తగిలింది కదూ?"

"నేను మూడడుగులు వెనకున్నాను సార్!" అన్నాడు జిరాక్సు కుర్రాడు రెండు చేతులూ ఎత్తి.

అంపైరు వేలెత్తాడు. హెడ్‌క్లర్కు వెళ్తూ వెళ్తూ ఇతని దగ్గర ఆగాడు. "అది గూగ్లీ కాదా?"

"కాదండీ. మామూలుదే."

బౌండరీ దగ్గర ఆమె చప్పట్లు కొట్టలేదు. పక్కనున్న సంచులు సర్ది పెట్టింది. తనవి కానివి కూడా.

ఎగిరిన బెయిలు కోసం నలుగురు వెతికారు. దొరకలేదు. ఆట ఆలస్యమవుతోందని అంపైరు స్కోరు రాసేవాడి పెన్సిలు తెచ్చి కర్రల మీద పెట్టాడు. మిగిలిన రెండు బంతులూ లెగ్‌బ్రేకులే వేశాడు. కొత్త బ్యాటరు రెండింటికీ గాలిని కొట్టాడు. అంతకంటే ఏమీ జరగలేదు.

చివరికి ఆట బ్యాంకే గెలిచింది, ఒక్క వికెట్టు తేడాతో. షూ విప్పుకుంటున్న ఇతని పక్కన కెప్టెన్ చతికిలబడ్డాడు.

"ఎప్పట్నుంచి బాబాయ్ ఇది?"

"నెలన్నరగా."

"ఒక్క ముక్క చెప్పొచ్చుగా!"

"బంతి ఇస్తే అదే చెప్పేది."

కెప్టెన్ తల గోక్కున్నాడు. "సరే, వచ్చే శనివారం మొదటి ఓవర్ నీదే. ఆ పైన..." అని ఆగిపోయాడు. ఏం మాట్లాడుతున్నాడో అప్పుడు గుర్తొచ్చింది.

అతను చొక్కాజేబులోంచి గుర్తింపు కార్డు తీసి కెప్టెన్ చేతిలో పెట్టాడు. "వాచ్‌మన్‌కి ఇచ్చెయ్. ఐదు దాటింది." కెప్టెన్ లేచి నిలబడ్డాడు. కరచాలనం చేసి, ఆ కుడిచేతి మూడోవేలు మీది కాయ తగలగానే ఒక క్షణం ఎక్కువసేపు పట్టుకున్నాడు.

భార్యాభర్తలు బస్టాపు వైపు నడిచారు. ఆమె చేతిలో అతని షూ సంచి.

"ఆసుపత్రిలో టీము లేదన్నారుగా. ఎలా మరి?"

"డాక్టర్లు రోజూ లిఫ్టు ఎక్కాలిగా. ఎక్కినప్పుడు చెప్తా."

"ఎన్ని అంతస్తులేమిటి?"

"నాలుగే."

"చాలదేమో," అంది ఆమె కాస్త ఆలోచించి.

"మెల్లగా నడుపుతా."

బస్సు వచ్చింది. ఎక్కారు. టీములో ఎవరూ ఆ బస్సు కేసి చూడలేదు. వచ్చే వారం బెయిళ్లు ఎవరు కొనాలన్న దాని మీద గొడవ పడుతున్నారు. కాసేపటికి వాళ్లూ వెళ్లిపోయారు. మైదానం మీద ఎండ పసుపుపచ్చగా సాగింది.

దొరకని బెయిలు వికెట్ల వెనక, ఎవరూ అంత దూరం పోయుంటుందనుకోని చోట, ఎత్తుగా పెరిగిన గడ్డిలో పడి ఉంది. వేలెడు పొడవు చెక్కముక్క, ఒక కొస కొద్దిగా చిట్లి ఉంది. ఒక చీమ దాని మీద ఈ కొసనుంచి ఆ కొసదాకా నడిచి, అక్కడ దారి లేక, తిరిగి ఇటే రాసాగింది.