కొండ కింద సూపర్‌వైజర్

ఫ్యాక్టరీలో నలుగురు ఒకచోట నిలబడితే చాలు, గుమిగూడారంటారు. నీళ్ళు తాగడానికి లేవాలన్నా సూపర్‌వైజర్ని అడగాలి. అందుకే కుట్టుపనివాళ్ళంతా ఆదివారాలు కొండెక్కడం మొదలుపెట్టారు. అక్కడ దొరలు లేరు. ముందు ఎక్కేది వంతులవారీగా. తాడు పట్టుకున్న మనిషి ‘ఎక్కు’ అనేదాకా ఎవరూ ఎక్కకూడదు. వాళ్ళ చట్టమల్లా అంతే.

ఈ వారం వంతు కాలర్లు కుట్టే ఆమెది. ముందు ఎక్కడం ఇదే మొదటిసారి. పొద్దున్నుంచీ ఆమె కాలు ఒకచోట నిలవడం లేదు. తీరా వచ్చి చూస్తే కొండ కింద సూపర్‌వైజర్, కొత్త బూట్లతో ప్రత్యక్షం. వీళ్ళ మాటలు వినడానికి పైవాళ్ళు పంపారని పసిపిల్లలకైనా తెలుస్తుంది.

“ముందు నేను వెళ్తా,” అన్నాడాయన.

“రండి సార్, రండి,” అంటూ అందరూ పక్కకు జరిగారు. పోయిన వారం ఇదే బండ మీద కూర్చుని స్వేచ్ఛ గురించి గొంతు చించుకున్న, గుండీలు కుట్టే బాబాయ్ అయితే దగ్గరుండి ఆయన నడుముకు తాడు కట్టాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఇక్కడ కూడా పక్కకు జరిగితే, ఇక జరగక్కర్లేని చోటంటూ ఆమెకు మిగలదు.

“నీ వంతు వచ్చే వారం చూద్దాంలే అమ్మా. సార్ తాడు పట్టుకో,” అన్నాడు బాబాయ్.

పట్టుకుంది. సూపర్‌వైజర్ రాతికి చేతులు ఆనించి నిలబడ్డాడు. ఆమె ‘ఎక్కు’ అనలేదు.

“ఏంటి ఆలస్యం?”

“తను ఎక్కు అనాలి సార్,” బాబాయ్ నసిగాడు. “అను తల్లీ.”

“అనను.”

“మా అందరి కొంపా ముంచుతావా ఏంటి?”

“వంతు నాది బాబాయ్. రేపు మిషన్ దగ్గర సార్ నన్ను ఎన్నైనా అననీ, పడతాను. ఇక్కడ మాత్రం అనను.”

సూపర్‌వైజర్ మిగతావాళ్ళ వైపు చూశాడు. ఆమె చేతిలోంచి తాడు అందుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. అలాగని ఆమె పక్షాన ఒక్కరూ మాట్లాడలేదు. అందరికీ బూట్ల లేసులు సరిచేసుకునే పని పడింది. ఛీ, వీళ్ళతోనా కొండలెక్కేది అనిపించింది ఆమెకు.

ఎండ ముదిరింది. చివరికి బాబాయే గొణుక్కుంటూ వచ్చి, ఆయన నడుము దగ్గర ముడి విప్పి ఆమెకు కట్టాడు. తాడు తను పట్టుకున్నాడు.

“ఎక్కు,” అన్నాడు.

ఎక్కింది. పైన తాడు బిగించి, ఒక్కొక్కరినే పైకి రప్పించింది. బాబాయ్ వచ్చి పక్కన కూలబడ్డాడు కానీ ఆమె ముఖం చూడలేదు. కింద సూపర్‌వైజర్ ఒక్కడే మిగిలాడు. తాడు కట్టుకుని మెడ పైకెత్తాడు.

“ఎక్కనా?” అని అరిచాడు.

ఆమె సీసా మూత తీసి తీరిగ్గా నీళ్ళు తాగింది. మూత పెట్టింది. అప్పుడు అంది, “ఎక్కు.”