సేఫ్టీ ఆఫీసర్ సముద్రంలో దిగిన రోజు

జహీరాబాద్ హైవే పక్కనున్న ఓ ఫ్యాక్టరీలో జగన్‌మోహన్ సేఫ్టీ ఆఫీసరు. హెల్మెట్ లేకుండా షెడ్డులోకి వచ్చాడని జనరల్ మేనేజరును కూడా గేటు దాకా వెనక్కి పంపిన మనిషి. ఇంట్లోనూ అదే వరస. గ్యాస్ బండ కట్టేశారో లేదో చూడందే పడుకోడు. పక్కనున్న చిరాగ్‌పల్లి దాకా వెళ్ళాలన్నా టైర్లలో గాలి చూసుకుంటాడు. అతని భార్య లావణ్యది కోస్తాలో వాడరేవు దగ్గరి పల్లె. పెళ్ళయి ఇన్నేళ్ళయినా అతని జాగ్రత్తలు చూసి ఆమె నవ్వడం మానలేదు. అతను జాగ్రత్తలూ మానలేదు.

ఆ ఏడు కంపెనీ అతన్ని శిక్షణ కోసం పోర్చుగల్ పంపింది. చివరి వారానికి లావణ్య కూడా వెళ్ళింది. అత్తగారు నారమ్మే పట్టుబట్టి పంపింది. "పో బిడ్డా, ఇల్లు నేను చూసుకుంట. గా దేశం మళ్ల చూస్తమా ఏంది?"

సముద్రం ఒడ్డున చిన్న ఊళ్ళో, థెరీసా అనే పెద్దావిడ ఇంట్లో గది తీసుకున్నారు. మొదటి సాయంత్రం వరండాలో కూర్చుని ఉండగా లావణ్య అంది, "ఏవండీ, ఒక మాట చెప్తాను, నవ్వకూడదు. ఒంటి మీద ఏమీ లేకుండా ఒక్కసారి సముద్రంలో ఈదాలనుంది."

జగన్‌మోహన్ నవ్వలేదు. తాగుతున్న కాఫీ మాత్రం పొలమారింది.

"చిన్నప్పుడు కాలవలో చేపపిల్లలా ఈదేదాన్ని. పెద్దదాన్నయ్యాక ఒంటి నిండా బట్టలుంటేనే నీళ్ళలో దిగాలన్నారు. ఓసారి వాడరేవులో చున్నీ కాళ్ళకి చుట్టుకుపోయింది. అన్నయ్య జుట్టు పట్టుకుని లాక్కొచ్చాడు. నన్ను ముంచింది సముద్రం కాదండీ, ఆ గుడ్డ. అయినా మా వాళ్ళు సముద్రమే మాన్పించారు."

అతను కాఫీ కప్పు కింద పెట్టాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "గట్ల ఈదనిచ్చే జాగ ఉంటదా?"

"ఉందట. గుట్ట అవతల. ఇక్కడ తప్పేం కాదట. థెరీసాగారు చెప్పారు."

మర్నాడు పొద్దున్నే జగన్‌మోహన్ థెరీసాను కూర్చోబెట్టి అన్నీ అడిగాడు. పోటు మొదలైతే రాళ్ళ దారి మునిగిపోతుంది కాబట్టి భోజనాల వేళకల్లా తిరిగి రావాలంది ఆవిడ. అక్కడ ఫోనుకు సిగ్నల్ ఉండదు. కెమెరా బయటికి తీయకూడదు, తువ్వాలు పరచుకునే కూర్చోవాలి, ఎవరినీ తేరిపార చూడకూడదు. ఎడమవైపు రాళ్ళ దగ్గర నీటి లాగుడు ఉంటుంది, అందులో పడితే దానికి ఎదురీదకుండా పక్కకు ఈదాలి. ఆ చివరి మాట అతను లావణ్య చేత మళ్ళీ చెప్పించాడు.

"నేను సముద్రం ఒడ్డున పుట్టానండీ!"

"పుట్టినవ్. కానీ గీ సముద్రం కాదు గద!"

భోజనాల వేళకి రాకపోతే తీర రక్షకులకు ఫోన్ చేయమని థెరీసాకు చెప్పి బయలుదేరాడు. సంచిలో మంచినీళ్ళు, ఎండకు రాసుకునే క్రీము, మెడలో ఫ్యాక్టరీ విజిల్.

గుట్ట దిగేసరికి తెల్లటి ఇసుక కనిపించింది. పదిమంది దాకా ఉన్నారు, అందరూ నడివయసు దాటినవాళ్ళే. ఒకావిడ పొట్ట మీద పాత ఆపరేషన్ కుట్లు. ఒకాయన కళ్ళజోడు పెట్టుకుని పేపరు చదువుకుంటున్నాడు. ఎవరూ తలెత్తి చూడలేదు. లావణ్య రాయి చాటుకెళ్ళి తువ్వాలు చుట్టుకుని వచ్చింది. అలల అంచున ఆ తువ్వాలు వదిలేసి, వెనక్కి చూడకుండా నీళ్ళలోకి నడిచింది.

జగన్‌మోహన్ ప్యాంటూ షర్టూ మేజోళ్ళతో ఒడ్డున కూర్చున్నాడు. పేపరాయన దగ్గరికొచ్చి, ఇక్కడ బట్టలేసుకున్న మనిషి ఉంటే మిగతావాళ్ళకు సిగ్గేస్తుందని మర్యాదగా చెప్పాడు. జగన్‌మోహన్ ఒక్కొక్కటే విప్పి మడతపెట్టి, మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, దవాఖానలో వంతు కోసం కూర్చున్నవాడిలా తువ్వాలు మీద కూర్చున్నాడు. విజిల్ మాత్రం తీయలేదు.

నీళ్ళలో లావణ్య నవ్వుతోంది. వెల్లకిలా తేలుతోంది, మునుగుతోంది, లేస్తోంది. ఆ మొహం అతను ఎన్నడూ చూడలేదు. తనకు పరిచయం కాకముందు ఈమె ఇలా ఉండేదేమో అనుకున్నాడు.

అంతలో ఆమె తల ఎడమవైపు జరుగుతున్నట్టు అనిపించింది. చూస్తుండగానే ఇంకా దూరమైంది. అతను లేచి విజిల్ ఊదాడు. ఊదుతూనే ఇసుక మీద అందరి మధ్య నుంచి పరుగెత్తాడు. ఛాతీ లోతుకు వెళ్ళాక ఓ అల అతన్ని ఎత్తి బోర్లా పడేసింది. ముక్కులోకి, నోట్లోకి ఉప్పునీళ్ళు. పేపరాయనా కుట్లావిడా చెరో చెయ్యీ పట్టి ఒడ్డుకు లాక్కొచ్చారు.

లావణ్య ఈలోగా పక్కకు ఈది లాగుడు దాటి, కొంచెం అవతల ఒడ్డెక్కింది. మొగుడి చుట్టూ జనం చూసి పరుగెత్తుకొచ్చింది.

"మీకు ఈత రాదు కదండీ! ఎందుకు దిగారు?"

"నువ్వు పోతున్నవ్," అన్నాడు దగ్గుతూ. "ఒడ్డున ఎట్ల కూసుంట?"

"వచ్చి ఏం చేద్దామని?"

అతను ఆలోచించాడు. "తెల్వది. నీ దగ్గరికైతే వద్దామనుకున్న."

లావణ్య తువ్వాలు తెచ్చి అతని భుజాల చుట్టూ కప్పింది. అప్పుడు గుర్తొచ్చింది అతనికి, తన ఒంటి మీద విజిల్ తప్ప ఏమీ లేదని. చుట్టూ చూశాడు. ఎవరికీ పట్టలేదు. పేపరాయన ఫ్లాస్కులోంచి కాఫీ వంచి ఇచ్చాడు.

"ఇక చాలు, వెళ్దాం పదండి," అంది లావణ్య.

అతను మడతపెట్టిన బట్టల్లోంచి వాచీ తీసి చూశాడు. పోటుకు ఇంకా టైముంది. "జరసేపు మళ్ల ఈదు. ఈసారి కుడి దిక్కు."

"మీకు భయం వేయదా?"

"అయితది. అయినా ఈదు."

ఆమె ఈదింది. అతను మోకాటి లోతులో నిలబడి చూశాడు. తర్వాత ఆమె వచ్చి అతని వీపు కింద చేతులు పెట్టి కాసేపు నీళ్ళ మీద తేల్చింది. "బిగుసుకోకండి, నేనున్నా," అంది. అతను కళ్ళు గట్టిగా మూసుకుని తేలాడు. వాళ్ళు తిరిగొచ్చేసరికి థెరీసా గేటు దగ్గర నిలబడి దారి చూస్తోంది.

జహీరాబాద్ చేరిన రోజు నారమ్మ కోహీర్ జామకాయలు కోసి ఉప్పూకారం చల్లి ముందు పెట్టింది.

"సముద్రంల తానం చేసిన్రా?"

"చేశాం అత్తయ్యా."

"ఉప్పునీళ్లకు బట్టలన్నీ ఖరాబై ఉంటయి. తియ్యి బిడ్డా, నానబెడ్త."

"లేదత్తయ్యా. ఒక్కటి కూడా తడవలేదు."

జగన్‌మోహన్ జామ ముక్క నమలడం ఆపేశాడు. నారమ్మ కోడలి మొహం చూసింది, కొడుకు మొహం చూసింది. కాసేపటికి ఆమె పెదవులు వణికాయి, నవ్వాపుకోలేక.

"మా తల్లిగారింటికాడ, రాయికోడ్‌ల బాయిల," అంది కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మగోళ్లు చేన్లకు పోయినంక మేము ఆడివిల్లలందరం గట్లనే దిగేటోళ్లం. ఎంత హాయిగుండె బిడ్డా!"

"అమ్మా!" అన్నాడు జగన్‌మోహన్.

"నువ్వు జామకాయ తిను," అని కొడుకును కసిరి, నారమ్మ కోడలి వైపు తిరిగి దగ్గరగా జరిగి కూర్చుంది. "నువ్వు చెప్పు. నీళ్లు సల్లగుండెనా?"